పెరూలో ఏం జరిగింది? మాగ్నస్ బేన్ చిన్న కథల చిక్కుముడి

మా పిన్ని కూతురు ఇంటర్ సెలవుల్లో కసాండ్రా క్లేర్ రాసిన షాడోహంటర్స్ (అంటే దేవదూతల రక్తం ఉండి రాక్షసుల్ని వేటాడే మనుషులు) ఫాంటసీ పుస్తకాలు మొదలుపెట్టింది, నాలుగోది సగంలో ఉండగా రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అక్కా, ఈ మాగ్నస్ మీద విడిగా చిన్న కథలున్నాయంట కదా, అవి ఎప్పుడు చదవాలి? ఒకళ్ళేమో అన్నీ అయ్యాక అంటారు, ఒకళ్ళేమో సంవత్సరాల ప్రకారం చదువు అంటారు, ఇంకొకళ్ళు అవన్నీ ఫిల్లరే వదిలెయ్ అంటున్నారు." ఫోన్లో సగం చెప్పా, అప్పటికే దానికి నిద్రొచ్చేసింది, మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. ఎలాగూ ఈ ప్రశ్న నన్ను ఇదే మొదటిసారి అడగడం కాదు.

ముందు మనిషెవరో చూద్దాం. మాగ్నస్ బేన్ ఒక వార్‌లాక్. తెలుగులో మంత్రగాడు అనేయొచ్చు గానీ అక్కడే ఒక తేడా వస్తుంది. మనకి మాంత్రికుడు అనగానే పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు గారు, లేకపోతే ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు. అంటే క్షుద్రవిద్యలు నేర్చుకుని చెడిపోయినవాడు, క్లైమాక్స్‌లో చావాల్సినవాడు. కసాండ్రా క్లేర్ లోకంలో వార్‌లాక్ అవ్వడానికి ఏం నేర్చుకోనక్కర్లా, అది పుట్టుకతో వచ్చేది. తండ్రి రాక్షసుడు, తల్లి మామూలు మనిషి, పుట్టినవాడికి మంత్రశక్తి ఉంటుంది, ముసలితనం రాదు, పిల్లలు పుట్టరు, ఒంటి మీద ఎక్కడో ఒకచోట దాచలేని గుర్తు ఒకటి ఉంటుంది. మాగ్నస్‌కి పిల్లి కళ్ళు. వాడి దోస్తు రాగ్నర్ ఫెల్‌కి ఒళ్ళంతా ఆకుపచ్చ, నెత్తిన కొమ్ములు. ఇంకో ఫ్రెండ్ కేటరీనా లాస్‌ది నీలం ఒళ్ళు. ఇక మంత్రం వెయ్యడం అనేది వీళ్ళకి తపస్సూ కాదు పాపమూ కాదు, డ్యూటీ. మాగ్నస్ అయితే ఫీజు మాట్లాడుకోకుండా వేలు కూడా కదపడు (అని చెప్పుకుంటాడు, ఫీజు తీసుకోకుండా చేసిన పనులే ఎక్కువ, అది వేరే సంగతి).

2007లో వచ్చిన మొదటి పుస్తకం సిటీ ఆఫ్ బోన్స్‌లో వాడి పాత్ర చాలా చిన్నది. బ్రూక్లిన్‌లో పార్టీ ఇస్తుంటాడు, ఎందుకయ్యా అంటే వాడి పిల్లి పుట్టినరోజట, పిల్లి పేరు చైర్మన్ మియావ్. హీరోయిన్ క్లేరీ జ్ఞాపకాలు ఎవరు కట్టేశారో తెలుసుకోవడానికి అందరూ అక్కడికి వెళ్తారు, కట్టేసింది వీడే అని తేలుతుంది, ఆ ముక్క చెప్పి కథలోంచి వెళ్ళిపోవాల్సిన మనిషి. కానీ పోలేదు. జనానికి తెగ నచ్చేశాడు. అలెక్ లైట్‌వుడ్ అనే షాడోహంటర్ కుర్రాడితో ప్రేమ మొదలైంది. తర్వాత 1878 లండన్లో జరిగే ఇన్‌ఫర్నల్ డివైసెస్ అని ఇంకో సిరీస్ వస్తే, 2007 న్యూయార్క్‌లో ఉన్న అదే మాగ్నస్ అందులోనూ ప్రత్యక్షం, చావులేనివాడు కదా మరి. రెండు కాలాలకీ మధ్య వంతెన వీడే అయ్యాడు.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. 1878లో ఉన్నాడు, 2007లో ఉన్నాడు, మధ్యలో నూట ముప్పై ఏళ్ళు ఎక్కడున్నాడు? అంతకు ముందు సంగతి? వయసెంత అంటే నోటికొచ్చిన అంకె చెప్తాడు. పదిహేడో శతాబ్దంలో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో పుట్టాడని మెయిన్ పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది. పెరూ దేశంలోకి వాడికి ప్రవేశం లేదని ఒక జోకు అలా వచ్చి ఇలా పోతుంది.

ఇలాంటి ఖాళీలన్నిటినీ పట్టుకుని చేసిందే ద బేన్ క్రానికల్స్. 2013 ఏప్రిల్ నుంచి నెలకొకటి చొప్పున ఈబుక్ చిన్న కథలు. ఆ డిసెంబర్ కల్లా తొమ్మిది వచ్చాయి, పదోది మాత్రం కాస్త ఆగి 2014 మార్చిలో వచ్చింది. అచ్చు పుస్తకం 2014 నవంబర్‌లో, అందులో పదకొండో కథ అదనం. రాసింది ఒక్కరు కాదు, కసాండ్రా క్లేర్‌తో పాటు సారా రీస్ బ్రెన్నన్, మోరీన్ జాన్సన్. జంటలుగా పంచుకున్నారు, ఒక కథ ముగ్గురూ కలిసి రాశారు, పదోది మాత్రం క్లేర్ ఒక్కరే. ఈ పంపకం తెలియకపోతే చదివేటప్పుడు ఇదేంటి ఒకటి జోకుల మీద నడుస్తోంది ఒకటి హిస్టరీ క్లాసులా ఉంది అనిపిస్తుంది. చాలామట్టుకు మనుషుల మధ్య మాటలు, వెటకారం, హెరన్‌డేల్ అనే షాడోహంటర్ ఫ్యామిలీ గొడవలు ఉన్న కథల్లో బ్రెన్నన్ చెయ్యి ఉంటుంది. ఊరే ఒక క్యారెక్టర్‌గా ఉండే పారిస్, రెండు న్యూయార్క్ హోటల్ కథల్లో జాన్సన్ చెయ్యి.

ఇప్పుడు సంవత్సరాల సంగతి. మొదటి కథ, పెరూలో అసలేం జరిగింది అనేది, ఒక్క కాలంలో జరగదు. 1791లో మొదలై 1885, 1890 మీదుగా 1962 దాకా వస్తుంది. రెండోది పారిస్, అదీ 1791లోనే. అంటే ఒకే ఏడాది ఈయనగారు పెరూలోనూ ఉన్నాడు, ఫ్రెంచ్ విప్లవం మధ్యలోనూ ఉన్నాడు, క్యాలెండర్ ముందేసుకుని లెక్కలు కట్టే ఫ్యాన్స్‌కి అది పండగ. ఆ పారిస్ కథలో రాణి మేరీ ఆంటోయినెట్ కుటుంబాన్ని పారిస్ దాటించడానికి ఒక అందమైన కౌంట్ మాగ్నస్‌ని బుట్టలో వేసుకుంటాడు. ఆ కౌంట్, ఆక్సెల్ ఫెర్సెన్, నిజంగా ఉన్నాయనే, 1791 జూన్ 20 రాత్రి రాజకుటుంబం పారిపోయినప్పుడు బండి తోలింది ఆయనే. వాళ్ళు వరెన్ దగ్గర దొరికిపోయారన్నది చరిత్ర. ఆ చరిత్రని మార్చకుండా దాని సందుల్లోంచి వాంపైర్లనీ కంటికి కనపడని గాలి బెలూన్లనీ దూర్చారు. బెలూన్ అంటే ఏదో కల్పన అనుకోకండి, మనుషులు మొదటిసారి బెలూన్‌లో పారిస్ మీద ఎగిరింది 1783లో, అంటే అప్పటికి ఎనిమిదేళ్ళయింది. కనపడకపోవడం ఒక్కటే మాగ్నస్ పనితనం.

మూడోది 1857 లండన్, నాలుగోది 1903 లండన్. ఈ రెంటికీ మధ్యలో 1878 ఇన్‌ఫర్నల్ డివైసెస్ పెట్టి చూడండి, ఒక వంశవృక్షం కనపడుతుంది. 1857లో ఎడ్మండ్ హెరన్‌డేల్ అనే కుర్రాడు ఒక మామూలు అమ్మాయిని ప్రేమించి షాడోహంటర్ జీవితాన్నే వదిలేసుకుంటాడు. 1878లో మాగ్నస్ ఇంటి తలుపు తట్టే విల్ ఆయన కొడుకు. 1903లో పబ్బులో తాగి తుపాకీ పేల్చుతూ మాగ్నస్ కంటపడే జేమ్స్ ఆ విల్ కొడుకు. తాత, కొడుకు, మనవడు. ముగ్గురినీ కుర్రతనంలో చూసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడు మాత్రం అలాగే ఉన్నాడు. మన ఊళ్ళో "మీ తాతని కూడా ఇలాగే గోడ దూకుతుంటే చూశాన్రా" అనే ముసలాయన ఒకరుంటారు చూడండి, అలాంటివాడే, కాకపోతే ఇక్కడ ముసలాయన పంతొమ్మిదేళ్ళ పిల్లాడిలా మెరుపుల కోటు వేసుకుని ఉంటాడు. జేమ్స్ పూర్తి కథ చెయిన్ ఆఫ్ గోల్డ్‌తో మొదలైంది 2020లో, అంటే ఈ చిన్న కథ వచ్చిన ఏడేళ్ళకి. 2013లో చదివినవాళ్ళకి ఆ పిల్లాడి బాధేంటో సగమే అర్థమైంది, టటియానా బ్లాక్‌థార్న్ ఇంట్లో ఉన్న ఆ గ్రేస్ అనే అమ్మాయి సంగతేంటో అసలు అర్థం కాలేదు, విత్తనం వేసి ఏడేళ్ళు నీళ్ళు పోయకుండా వదిలేశారు పాపం.

తర్వాత న్యూయార్క్. 1929లో హోటల్ డ్యూమాంట్ ఎలా లేచింది, 1977లో అదే హోటల్ డ్యూమార్ట్ అనే పేరుతో ఎలా కుళ్ళింది అని రెండు కథలు, ఒకదానికొకటి అద్దం. 1929లో మద్యనిషేధం నడుస్తుంటే మాగ్నస్ దొంగ బారు నడుపుతుంటాడు, పేరు మిస్టర్ డ్రైస్, తర్వాత స్టాక్ మార్కెట్ కూలడం. 1977లో జూలై 13 రాత్రి ఊరంతా కరెంటు పోయిన నిజమైన బ్లాకవుట్, డ్రగ్స్ వాడే మనుషుల రక్తం తాగి వాంపైర్లకీ అదే అలవాటు అంటుకోవడం. ఐడియా బాగుంటుంది, కానీ నాకు ఈ రెండూ కాస్త నీరసం, ఊరి వర్ణనలో మాగ్నస్ తప్పిపోయాడు అనిపిస్తుంది. వీటి మధ్యలో 1953లో జరిగేది ఒకటుంది, రాఫెల్ శాంటియాగోని కాపాడిన కథ, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఎనిమిదో కథ 2007, అలెక్ పుట్టినరోజుకి ఏం కొనాలా అని మాగ్నస్ తల పట్టుకోవడం. తొమ్మిదోది మళ్ళీ వెనక్కి 1989, మెయిన్ సిరీస్ విలన్ వాలెంటైన్ మనుషులు న్యూయార్క్‌లో వేటాడిన రోజులు. పదోది మళ్ళీ 2007, మాగ్నస్ అలెక్‌ల మొదటి డేట్, అంటే ఎనిమిదో కథకన్నా ముందు జరిగింది. చూశారుగా, పుస్తకంలో ఉన్న వరస కాలం వరస కాదు. మా చెల్లి బుర్ర తిరిగింది ఇక్కడే. మొదటి డేట్ కన్నా ముందు పుట్టినరోజు గిఫ్ట్ ఏంటక్కా, వీళ్ళకి బుర్ర లేదా అని.

బుర్ర ఉంది. ఈ వరస ఎవరి కోసమో పట్టుకుంటే ముడి వీడుతుంది.

మెయిన్ సిరీస్‌లో ఐదో పుస్తకం, 2012లో వచ్చిన సిటీ ఆఫ్ లాస్ట్ సోల్స్ గుర్తు తెచ్చుకోండి (చదవనివాళ్ళు ఈ ఒక్క పేరా వదిలి కిందకి దూకండి). అలెక్ బాధంతా ఒకటే. నాకు పద్దెనిమిదేళ్ళు, వీడికి నాలుగు వందలు, నాకు ముందు ఎంతమంది, నేను పోయాక ఎంతమంది, అడిగితే జోకేసి తప్పించుకుంటాడు. ఆ అనుమానం ముదిరి చీకట్లో మాగ్నస్ పాత ప్రియురాలు కెమిల్‌తో బేరాలాడతాడు, అది తెలిసి మాగ్నస్ వదిలేసి వెళ్ళిపోతాడు. పుస్తకం అక్కడ అయిపోయింది. తర్వాత పుస్తకం సిటీ ఆఫ్ హెవెన్లీ ఫైర్ వచ్చింది 2014 మేలో. మధ్యలో రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో నెలనెలా మన చేతికొచ్చినవి ఈ పది కథలు. అంటే అలెక్‌కి చెప్పనివన్నీ మాగ్నస్ మనకి చెప్తున్నాడు. ఆ ఆరో పుస్తకం చివర్లో మాగ్నస్ తన గతమంతా రాసిన నోట్‌బుక్ ఒకటి అలెక్ చేతిలో పెడతాడు. పెడుతుంటే మనకి ఆ కథలు ముందే తెలుసు!

అలా చూస్తే సంవత్సరాల ప్రకారం సర్దుకుని చదవడం అంత మంచి ఐడియా కాదు. మనిషి తన గతం చెప్పేటప్పుడు పుట్టినప్పట్నుంచి మొదలుపెట్టడు కదా. ముందు నవ్వించేది ఒకటి చెప్తాడు, పెరూ. తర్వాత గొప్పలు, పారిస్ రాణి. మెల్లగా పాత ప్రేమ, కెమిల్. ఆ తర్వాత భయపడిన సంగతులు. మొదటి డేట్ అన్నిటికన్నా చివర్లో ఎందుకొచ్చిందంటే అంతకు ముందు రెండొందల ఏళ్ళ సరుకు మన నెత్తి మీద ఉంటే తప్ప ఆ డేట్‌లో పెద్ద మనిషి ఎందుకంత కంగారుపడుతున్నాడో అర్థం కాదు. ముందే చదివితే అది ఒక క్యూట్ డేట్, అంతే.

తొమ్మిదోదాన్ని దాని ముందు పెట్టడం కూడా ఊరికే కాదు. 1989లో వాలెంటైన్ గుంపు డౌన్‌వరల్డర్లని, అంటే వార్‌లాక్‌లు వాంపైర్లు తోడేలు మనుషులు వీళ్ళందర్నీ, వేటాడుతుంటే మాగ్నస్ ఆ డౌన్‌వరల్డర్ల వైపు నిలబడ్డాడు. ఆ గుంపులో అలెక్ అమ్మానాన్నలూ ఉండేవాళ్ళని మెయిన్ పుస్తకాల్లో ఉంది. అలెక్ పుట్టింది ఆ ఏడాదే. ఇది చదివి వెంటనే పేజీ తిప్పితే, వాళ్ళ అబ్బాయే పాత స్వెట్టర్ వేసుకుని డేట్‌కొచ్చి ఉంటాడు.

అన్నట్టు పెరూ కథ గురించి ఒక మాట. దాన్ని కామెడీ అని అందరూ పక్కన పెడతారు. నిజంగానే కామెడీ, మాగ్నస్ చరాంగో అనే చిన్న తీగల వాయిద్యం నేర్చుకుంటాడు, ఎంత ఘోరంగా వాయిస్తాడంటే స్నేహితులు చెవులు మూసుకుని ఊరొదిలి పోయే పరిస్థితి. నేర్పిస్తున్న ఇమాసు అనే కుర్రాడి మీద ప్రేమతో చేస్తున్న పని అది. అయినా ఇమాసు వదిలేస్తాడు. వాయిద్యం బాగా రాలేదని కాదు, నువ్వు నిలిచే మనిషివి కాదు, మెరిసి వెళ్ళిపోయేవాడివి అని. ఆలోచించండి, చావు ఉన్న మనిషి చావులేనివాడితో ఆ మాట అంటున్నాడు. వచ్చేది నలభై యాభై ఏళ్ళు ఉంటే ఎక్కువ అనుకునే మనిషికి రెండొందల ఏళ్ళు దాటినవాడు క్షణికంగా కనపడ్డాడు. తర్వాత అలెక్ పడే బాధ మొత్తం తిరగేసి ఇక్కడ ఉంది, నవ్వుతూ చదివేసి దాటిపోతాం.

నవల కాకుండా చిన్న కథలే ఎందుకు రాశారు అనేదానికి కూడా నా జవాబు ఇదే. డబ్బు కోసం కాదా అంటే అవును, నెలనెలా అమ్మొచ్చు, అందులో దాపరికం ఏముంది. కానీ ఇలాంటి వాడి జీవితానికి నవల సరిపోదు. వాడి జీవితంలో అందరూ మధ్యలో వచ్చి మధ్యలో పోతారు, ప్రతివాడి జీవితానికీ వాడు సైడ్ క్యారెక్టరే. ఎడ్మండ్ కథలో సైడు, రాణి కథలో సైడు, జేమ్స్ కథలో సైడు. తన సొంత పుస్తకంలో కూడా సైడు పాత్రగానే ఉండడం విచిత్రం కదా, నాకైతే అదే నచ్చింది. మనం భారతంలో ఉపాఖ్యానాలు చదివి పెరిగినవాళ్ళం, నలుడి కథ ఎక్కడొస్తుంది, అడవిలో ధర్మరాజుకి మనసు బాలేనప్పుడు ఒక ముని చెప్తే వస్తుంది. ఎప్పటి కథ అన్నది ఎవరూ అడగరు, ఎవరికి ఎప్పుడు చెప్పారన్నదే విషయం.

ఇక రాఫెల్. నన్నడిగితే పదకొండింట్లో ఇదొక్కటి చదివినా చాలు. 1953, మాగ్నస్ డిటెక్టివ్ పని చేస్తున్నాడు, గ్వాడలూపే అనే తల్లి వస్తుంది, పిల్లలు వాంపైర్‌ని పట్టుకుంటామని పోయారు, నా పెద్దోడు రాఫెల్ ఇంటికి రాలేదు అని. మాగ్నస్ వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది, ఆ పిల్లాడు చచ్చి వాంపైర్‌గా లేచాడు. ఇప్పుడు వాడికి బతకాలని లేదు. మాగ్నస్ వాడి చేత ఒక ఒప్పందం చేయించుకున్నట్టు, ముందు మీ అమ్మకి కనపడు, తర్వాత నీ ఇష్టం అంటాడు. అమ్మకి కనపడటం అంటే తేలిక కాదు, ఆవిడ భక్తురాలు, కొడుకు మెడలో శిలువ వేస్తుంది, అది వాంపైర్ ఒంటిని కాలుస్తుంది. అందుకని ఆ పిల్లాడు రోజూ ప్రాక్టీస్. పవిత్రమైన నేల మీద అడుగులు వేస్తాడు, కాలుతున్నా వేస్తాడు. శిలువ పట్టుకుంటాడు, కాలుతున్నా పట్టుకుంటాడు. అమ్మ ముందు మొహంలో ఏమీ కనపడకూడదు కదా. మెయిన్ పుస్తకాల్లో రాఫెల్ గొంతు దగ్గర శిలువ ఆకారంలో కాలిన మచ్చ ఉంటుంది, ఏదో స్టైల్ అనుకుని చదివేశాం 2007 నుంచి. మచ్చ ఎక్కడిదో ఇక్కడ తెలిసింది. ఇంతా చేసి వాడు మాగ్నస్‌కి ఒక్కసారి కూడా సరిగ్గా థాంక్స్ చెప్పడు, బట్టల మీద వెక్కిరిస్తూనే ఉంటాడు, ఇంట్లో మొండి తమ్ముడు ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఈ కథ 2013 సెప్టెంబర్‌లో వచ్చింది. తర్వాతి మేలో వచ్చిన ఆరో పుస్తకంలో రాఫెల్‌ని, మాగ్నస్‌ని ఒకే చెరలో పెడతారు, అక్కడ రాఫెల్ ఒక నిర్ణయం తీసుకోవాలి. అదేంటో చెప్పను, మా చెల్లి ఇంకా అక్కడికి రాలేదు. చిన్న కథ చదివినవాళ్ళకి ఆ సీన్ ఒకలా ఉంటుంది, చదవనివాళ్ళకి అయ్యో పాపం అన్నంతవరకే. ఫిల్లర్ అనేవాళ్ళకి నేను చూపించే సాక్ష్యం ఇదొక్కటే, ఇంకోటి అక్కర్లేదు.

కాబట్టి వరస. ముందు మెయిన్ సిరీస్ ఐదు పుస్తకాలు, ఇన్‌ఫర్నల్ డివైసెస్ మూడు. అప్పుడు బేన్ క్రానికల్స్, ఉన్నది ఉన్నట్టు, కథల్ని అటూఇటూ చెయ్యకుండా. అప్పుడు ఆరోది. మొదటి పుస్తకం చదవగానే మాగ్నస్ నచ్చాడని ఇటు దూకితే కెమిల్ ఎవరో తెలీదు, విల్ ఎవరో తెలీదు, ఊరికే పార్టీలు చేసుకునేవాడి డైరీ చదివినట్టుంటుంది. ఒక హెచ్చరిక, పదకొండో కథ మాగ్నస్ వాయిస్‌మెయిల్ మొదట ఈబుక్కుల్లో రాలేదు, పదీ విడివిడిగా కొనుక్కున్నవాళ్ళు అచ్చు పుస్తకం వచ్చాక మళ్ళీ జేబు తడుముకున్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని. బ్రేకప్ తర్వాత మాగ్నస్ ఫోన్ ఎత్తకపోతే అలెక్ చెల్లి ఇసబెల్, వాళ్ళింట్లోనే పెరిగిన జేస్ లాంటివాళ్ళు వరసగా పెట్టిన మెసేజ్‌లే మొత్తం కథ. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, వాడి చిన్నతనం ఈ పుస్తకంలో దొరకదు. బటావియా, అమ్మ ఎలా పోయింది, సవతి తండ్రి ఏం చెయ్యబోయాడు, తండ్రి అస్మోడియస్ ఎవరు, ఇవన్నీ మెయిన్ పుస్తకాల్లోనే. ఈ కథలు 1791లో మొదలవుతాయి, అంతకు ముందు వందేళ్ళకి పైగా ఖాళీ. వాడికి చెప్పడం ఇష్టం లేదేమో అనుకుని వదిలేశా. ఆ తర్వాత క్లేర్, వెస్లీ చూతో కలిసి మాగ్నస్ అలెక్‌ల మీద నవలలే మొదలుపెట్టారు, ద రెడ్ స్క్రోల్స్ ఆఫ్ మ్యాజిక్ 2019లో, ద లాస్ట్ బుక్ ఆఫ్ ద వైట్ 2020లో. బాగానే ఉంటాయి, కానీ అక్కడ మాగ్నస్ హీరో అయిపోయాడు. టీవీ సిరీస్‌లో హ్యారీ షమ్ జూనియర్ చేసిన మాగ్నస్‌ని చూసి వచ్చినవాళ్ళకి ఆ నవలలు ఎక్కువ నచ్చుతాయి, గొడవ లేదు.

మా చెల్లి నా మాట వినలేదు. నాలుగోది పక్కన పడేసి ముందు పెరూ కథ ఒక్కటి చదివేసి పొద్దున్నే మెసేజ్ పెట్టింది. అక్కా, మొత్తం చదివినా వాణ్ణి పెరూ నుంచి ఎందుకు గెంటేశారో చెప్పలేదేంటి, పేజీలు ఏమైనా పోయాయా నా కాపీలో?

పోలేదే, అంతే రాశారు అన్నా.